రెండు డాలర్ల రబ్బరు ముఖం

1978 వసంతంలో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ సినిమా తీస్తున్నప్పుడు బడ్జెట్ సుమారు మూడు లక్షల డాలర్లు. హంతకుడు మైకేల్ మయర్స్‌కు ప్రత్యేకంగా మాస్కు చేయించే స్తోమత లేదు. ప్రొడక్షన్ డిజైనర్ టామీ లీ వాలెస్ హాలీవుడ్‌లో ఇంద్రజాల సామగ్రి అమ్మే దుకాణానికి వెళ్లి రెండు మాస్కులు తెచ్చాడు. ఒకటి జోకర్‌ది. రెండోది ‘స్టార్ ట్రెక్’ కెప్టెన్ కర్క్‌ది, అంటే నటుడు విలియం షాట్నర్ ముఖం. దాని ఖరీదు రెండు డాలర్ల లోపే.

వాలెస్ దాని కనుబొమలు, చెంపల వెంట్రుకలు పీకేశాడు. కంటి రంధ్రాలు పెద్దవి చేసి, జుట్టు చెదరగొట్టి, మొహమంతా తెల్లరంగు స్ప్రే చేశాడు. షాట్నర్ పోలికలు పోయి ఏ భావమూ లేని మొహం మిగిలింది. జోకర్ వెంటనే పక్కకు తప్పుకుంది.

ఈ రోజు ఆ మాస్కు నకలును ఆన్‌లైన్‌లో కొనేవారికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ‘అసలు’ అనుకుంటున్నదే డాన్ పోస్ట్ స్టూడియోస్ వారు అచ్చులో పోసి బజారులో అమ్మిన సరుకు. కర్క్ మాస్కులు ఎన్ని ఉన్నా, వాలెస్ చేయి పడి సినిమాకెక్కిన మొహం ఒక్కటే. అమ్మేవాళ్లందరూ ‘స్క్రీన్ యాక్యురేట్’ (తెర మీద కనిపించినట్టే) అని రాసుకునేది దాని గురించే.

పోనీ, ఆ ఒక్కటైనా మారకుండా ఉందా? 1981లో వచ్చిన ‘హాలోవీన్ 2’లోనూ అదే మాస్కు వాడారు. కథలో అది అదే రాత్రి. రబ్బరుకు మాత్రం మూడేళ్లు గడిచాయి. రంగు పసుపెక్కింది, పెట్టుకున్న నటుడు మారడంతో మొహం తీరూ మారింది. అందుకే సేకరణకర్తలు నకలును చూడగానే అడిగేది, ఇది 78దా, 81దా అని.

తయారీ తెలిస్తే మోసం పట్టుకోవడం తేలిక. ప్లాస్టర్ అచ్చులో ద్రవ లేటెక్స్ పోస్తారు. ప్లాస్టర్ నీరు పీల్చుకుంటే లోపలి గోడకు రబ్బరు పొర కడుతుంది. మిగిలినది వంపేసి ఆరబెడతారు, ఆరేటప్పుడు రబ్బరు కాస్త ముడుచుకుంటుంది. ఎవరైనా తయారైన మాస్కునే అచ్చు తీసి మళ్లీ పోస్తే, అది మరికాస్త చిన్నదవుతుంది, చెవుల మడతలు, ముడతలు మొద్దుబారతాయి. ఇలాంటి వాటినే ‘రీకాస్ట్’ అంటారు. చుట్టుకొలత, చెవుల దగ్గరి ఫొటో ఇవ్వడానికి అమ్మకందారు నసిగితే అనుమానించాల్సిందే.

లైసెన్సు ముద్ర సంగతి వేరు. హక్కుదారుల అనుమతితో చేశారని అది చెబుతుంది, సినిమాలోని మొహంలా ఉందని కాదు. అనుమతి లేకుండా ఇంట్లో చేసినవి కొన్నిసార్లు పోలికలో ముద్ర ఉన్నవాటిని మించిపోతాయి. కొనేవారు ముద్ర కావాలో, పోలిక కావాలో తేల్చుకున్నాకే ధర మాట్లాడతారు.