చెట్టు కంటే ముందు పుట్టిన నేల

కొయ్య దిమ్మెలు ప్రపంచ నగరాలను ఏలిన రోజుల్లోనూ కడప, కర్నూలు ఇళ్లు నాపబండనే నమ్ముకున్నాయి. ఆ నమ్మకం వెనక కథ ఇది.

1910 జనవరిలో సెన్ నది పొంగి పారిస్‌ను ముంచెత్తింది. వీధుల్లో పరిచిన కొయ్య దిమ్మెలు వరదకు ఊడివచ్చి నీళ్లలో తేలాయి. రాతి బాటల మీద గుర్రపు బండ్ల మోత భరించలేక 19వ శతాబ్దపు నగరాలు వేసుకున్న నేల అది. లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో 1830ల చివర్లోనే దాన్ని పరీక్షించారు. తర్వాత ఆస్ట్రేలియా నుంచి జర్రా కలపను ఓడల్లో తెప్పించి మరీ పరిచారు. అమెరికాలో శామ్యూల్ నికల్సన్ ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. క్యూబా రాజధాని హవానాలో పాత గవర్నర్ల భవనం ముందు అలాంటి వీధి ఇప్పటికీ కనిపిస్తుంది. కార్ఖానాల్లోనూ బరువైన యంత్రాల కింద ఈ దిమ్మెలే వేసేవారు. ఇళ్లలోనూ వీటిని పరుచుకునేవాళ్లు ఉన్నారు.

దీని పద్ధతి సులువైనది. పలకను పడుకోబెట్టరు. దుంగను అడ్డంగా కోసి, కోసిన ముఖం పైకి ఉండేలా నిలబెడతారు. చెట్టు వయసు చెప్పే వలయాల మీద అడుగు పడుతుంది. నార నిలువుగా ఉంటుంది కనుక అరుగుదల తక్కువ. ఈ సూత్రం మన రాయలసీమకు కొత్త కాదు. మాంసం అంగట్లో చింతమొద్దును నిలువుగానే నాటుతారు. కత్తి నారల మధ్య దిగి బయటికి వస్తుంది. ఏళ్లు గడిచినా మొద్దు చీలదు. పనితనం తెలిసిన చోటే ఇంటి నేలకు మాత్రం కొయ్య ఎందుకు ఎక్కలేదు?

కొయ్య నెత్తిమీద, రాయి కాళ్లకింద

మొదటి కారణం వాతావరణం. కర్ర నిడివిలో దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. దిమ్మెను నిలబెడితే నేల పొడవూ వెడల్పూ రెండూ ఆ అడ్డం కొలతలే అవుతాయి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఎండకు సందులు విప్పుకుంటాయి, వానలు పడగానే దిమ్మెలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కోసిన ముఖం నీటిని తొందరగా పీలుస్తుంది. ఇక చెదల సంగతి సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రెండో కారణం పొదుపు. నల్లమలలో టేకు, మద్ది, నారేపి ఉన్నా మంచి మాను తేలిగ్గా దొరికేది కాదు. దొరికిన కొయ్య మరేదీ చేయలేని పనులకు పోయింది: మిద్దెకు దూలాలు, దంతెలు, ఇంటికి ద్వారబంధం, సేద్యానికి నాగలి, బండికి చక్రం. దంతెల మీద కూడా చాలా ఊళ్లలో నాపబండలే కప్పి, ఆపైన చౌడుమట్టి పరిచారు. నేలకు కొయ్య వాడటం ఆ లెక్కలో వృథా.

మూడోది ఒంటికి తెలిసే కారణం. కొయ్య వేడిని ఆపుతుంది. చలిదేశంలో పాదానికి వెచ్చగా ఉంటుంది. నేలనంటి ఉన్న బండ ఒంట్లో వేడిని లాగేస్తుంది. వేసవి మధ్యాహ్నం చాప కూడా లేకుండా పడసాలలో నడుము వాల్చేవాళ్లకు కావలసింది ఆ చలవే.

పొరలు పొరలుగా దొరికిన వరం

ఈ నాపరాయి ఒకప్పటి సముద్రపు అడుగు. లోతులేని నీళ్లలో సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. అప్పటికి భూమ్మీద చెట్టే పుట్టలేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. శాస్త్రజ్ఞులు ఈ పొరలను పిలిచే పేర్లన్నీ మన ఊళ్లవే: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. మన నాపబండకు మూలం ఇందులో నార్జి సున్నపురాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నమోదు చేసిన బెలుం గుహలు, 3,229 మీటర్ల పొడవున, నీళ్లు సున్నపురాయిని కరిగించి తొలిచినవే.

పొరలుండటమే ఈ రాయి గొప్ప. ఉలి పెట్టి సమ్మెటతో కొడితే పొర వెంట చదునుగా లేస్తుంది. రంపం లేని రోజుల్లోనే బండ ఇంటికి రాగలిగింది ఇందువల్లే. ఎర్రగుంట్ల వైపు నల్లబండ, బేతంచెర్లలో బూడిద, పసుపు, ఆకుపచ్చ ఛాయలు. నేలను దిమ్మిసతో గట్టిచేసి, ఇసుక పరిచి, గానుగ సున్నంతో సందులు పూడిస్తే తరాలు నిలిచే నేల తయారైంది. మిగిలిన బండలు పెరటి గోడలయ్యాయి, పశువుల తొట్లయ్యాయి, అరుగులయ్యాయి.

మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి మీదుగా వచ్చిన రైలు 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. బరువైన సరుకుకు దూరపు దారి తెరుచుకుంది. ముంబై, పుణె వంటిళ్లలో గట్టు మీద ఈనాటికీ కనిపించే నల్లబండకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు కూడా కడపే. బేతంచెర్ల, తాడిపత్రిలో పాలిష్ ఫ్యాక్టరీలు లేచాయి. వేల కుటుంబాలకు అదే అన్నం.

పారేయకండి

బండకు లోపాలూ ఉన్నాయి. సున్నపురాయి కనుక నిమ్మరసం, చింతపులుసు పడితే మచ్చ తేలుతుంది. ఎండకు నల్లబండ వెలిసిపోతుంది. పాలిష్ ఫ్యాక్టరీల తెల్లటి వ్యర్థం ఊరి పొలిమేరల్లో గుట్టలు పడింది. గనుల్లో, కోత యంత్రాల దగ్గర దుమ్ము పీల్చేవాళ్లకు సరైన రక్షణ కావాలి. ఆ కష్టాన్ని దాచి బండను పొగడటం న్యాయం కాదు.

అయినా ఇవాళ జరుగుతున్నది చూస్తే గుండె తరుక్కుపోతుంది. పాత మిద్దె కూల్చినప్పుడు నిండు నూరేళ్లు నిలిచే బండలను పగలగొట్టి గుంతలు పూడుస్తున్నాం. వాటి స్థానంలో భట్టీలో కాల్చిన టైల్స్ వేసుకుంటున్నాం. సున్నపురాయి కొండలు మరోపక్క సిమెంటు ఫ్యాక్టరీల నోట్లోకి పోతున్నాయి. పొర వెంట లేచిన బండకు కాల్పు అవసరం లేదు. ఒక ముఖం అరిగితే తిప్పి పరచుకోవచ్చు. ఒక ఇంటి నుంచి తీసి మరో ఇంట్లో వేసుకోవచ్చు.

కనుక ఇల్లు కూల్చేముందు మేస్త్రీకి ఒక్క మాట చెప్పండి: బండలను గడ్డపారతో పగలగొట్టకుండా అంచుల నుంచి ఎత్తమని. కొత్త ఇంట్లో కనీసం పడసాలకు, వంటింటికి వాటినే వేయమని. ఈ పొరలు మళ్లీ పేరుకోవు. గని నుంచి ఒకసారి బయటికొచ్చిన బండను ఎన్ని తరాలు వాడుకోగలిగితే అన్ని తరాలు వాడుకోవడమే సీమ తన రాయికీ, దాన్ని తవ్విన చేతులకూ ఇవ్వగల గౌరవం.