పందుంపుల్ల నుంచి ఫ్లోరైడ్ లేని పేస్టు దాకా

చీరాల నుంచి బాపట్ల వెళ్ళే దారిలో ఉన్న ఈపురుపాలెం నేతగాళ్ళ ఊరు. ఇలాంటి తీర ప్రాంతపు ఊళ్ళలో రెండు మూడు తరాల కిందటి దాకా పళ్ళు తోముకోవడానికి దుకాణంలో కొనవలసిన వస్తువంటూ ఏదీ లేదు. పందుంపుల్ల చెట్టు మీద ఉండేది, కచిక పొయ్యి దగ్గర ఉండేది. ఫ్లోరైడ్ లేని పేస్టు ఇప్పుడు కొత్త సరుకుగా అమ్ముడవుతోంది గానీ, ఫ్లోరైడ్ కలపకుండా పళ్ళు తోముకోవడమే ఇక్కడి పాత అలవాటు.

పందుంపుల్ల అంటే ఎక్కువగా వేపపుల్లే. కానుగ, తుమ్మ, ఉత్తరేణి, మర్రి ఊడ కూడా పనికొచ్చేవి. చిటికెనవేలంత లావు పుల్లను జానెడు విరిచి, ఒక కొసను పీచు తేలేదాకా నమిలి, ఆ కుచ్చుతో తోముకునేవారు. పని అయ్యాక అదే పుల్లను నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్దను విల్లులా వంచి నాలుక గీసుకునేవారు. తాటిచెట్లున్న చోట తాటాకు ముక్కతోనూ ఆ పని జరిగేది. కచికది మరో పద్ధతి. కాలిన పిడకను నలిపి, కొంచెం ఉప్పు కలిపి చూపుడువేలితో రుద్దేవారు. మురికి వదిలేది, నిజమే. అయితే బొగ్గులో గరుకుపలుకులుంటే పంటి పైపొర, అంటే ఎనామిల్, కూడా అరిగిపోయేది. ఇటుకపొడితో రుద్దినవాళ్ళకు ఈ అరుగుదల మరీ ఎక్కువ. పాతదంతా మేలైనదనే మాట ఇక్కడ నిలవదు.

ఫ్లోరైడ్ ఈ ప్రాంతానికి పేస్టుతో రాలేదు, నీళ్ళతో వచ్చింది. దర్శి, పొదిలి, కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం మొదట రైతుల కంటబడింది. మనుషుల్లోనూ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, వంగని నడుములు కనిపించాయి. షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లో ప్రచురించిన మద్రాసు ప్రెసిడెన్సీ పరిశీలన ఇది బావి నీటిలోని ఫ్లోరైడ్ వల్లేనని తేల్చింది. ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును దేశంలో గుర్తించింది అప్పుడే. ఆనాడు ఆ తాలూకాలు నెల్లూరు జిల్లావి, ఈపురుపాలెం గుంటూరు జిల్లాది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి రెండు ప్రాంతాలూ అందులో చేరాయి. దానికే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022లో బాపట్ల జిల్లా ఏర్పడటంతో మళ్ళీ విడిపోయాయి. నేల మాత్రం ఎప్పుడూ వేరే. మెట్టలో రాతిపొరల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది, తీరపు ఇసుక నేలల్లో బెడద ఉప్పుతోనే. ఫ్లోరైడ్ మాట వింటేనే ప్రకాశం జిల్లా జనం ఉలిక్కిపడటానికి కారణం ఈ చరిత్రే.

ఇక పళ్ళు తోముకునే అంగడి సరుకు పొడితో మొదలైంది. మంకీ బ్రాండ్ నల్లపొడి, మైసూరు వైపు నుంచి నంజన్‌గూడ్ పళ్ళపొడి, ఆపైన కోల్గేట్ తెల్లపొడి డబ్బా. కోల్గేట్ కంపెనీ భారతదేశంలో అడుగుపెట్టింది 1937లో, సరిగ్గా ఫ్లోరోసిస్ బయటపడిన ఏడాదే. 1952లో మొదలైన వికో కంపెనీ మూలికలతో వజ్రదంతి తెచ్చింది. ఫ్లోరైడ్ కలిపిన పేస్టు అమెరికాలో 1950లలో బజారుకెక్కింది, మన ఊళ్ళకు ఇంకా ఆలస్యంగా చేరింది.

ఫ్లోరైడ్ పంటి మీద పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. తీపి తిన్నాక నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. అది ఎనామిల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. కరిగిన చోట ఖనిజం తిరిగి చేరేటప్పుడు ఫ్లోరైడ్ కూడా కలిస్తే ఆ పొర ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు. అదే ఫ్లోరైడ్ పళ్ళు తయారవుతున్న పసివయసులో ఎక్కువగా కడుపులోకి పోతే ఎనామిల్ మచ్చలు పడుతుంది. మన దేశంలో తాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిదని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని ప్రమాణం. పేస్టులో 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు, మించకూడదన్నది నిబంధన. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు: నీళ్ళు తాగేవి, పేస్టు ఉమ్మేసేది. మింగేసే పిల్లలున్న ఇంట్లో, అందులోనూ బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళో, జాగ్రత్త అవసరమే. మిగిలినవాళ్ళకు పుచ్చుపళ్ళ నుంచి కాపాడటంలో ఫ్లోరైడ్ పేస్టుకున్నంత గట్టి రుజువు మూలికల పేస్టుకు లేదు.

ఇప్పటి ఫ్లోరైడ్ రహిత పేస్టుల్లో చాలావాటికి ఆధారం సుద్దపొడి, దానికి లవంగం, వేప, తుమ్మ, ఉప్పు తోడు. అంటే పాత పళ్ళపొడే ట్యూబులోకి ఎక్కింది. వీటిలో నిజంగా కొత్తది హైడ్రాక్సీఅపటైట్ రకం. పంటి ఖనిజాన్నే కృత్రిమంగా తయారుచేసి కలిపిన ఈ పేస్టు జపాన్‌లో 1980లో వచ్చింది. మూలిక బొమ్మ ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ లేనట్టు కాదు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో సోడియం ఫ్లోరైడ్ అనో, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అనో ఉందేమో చూడాలి. ఫ్లోరైడ్ ఉంటే అది ఎన్ని పీపీఎం ఉందో ట్యూబు మీదా అట్టపెట్టె మీదా రాయాల్సిందే.