కంచె దాటిన బిళ్ళగన్నేరు

రైలు పట్టాల పక్క కంకరలో, పాత సమాధుల చుట్టూ, మేడ గోడ పగుళ్లలో బిళ్ళగన్నేరు ఎవరూ నాటకుండానే పూస్తుంది. అదే మొక్కను నర్సరీలో డబ్బిచ్చి కొంటాం. మన ఊళ్లలో ఇంతగా కలిసిపోయిన ఈ పువ్వు పుట్టిల్లు మడగాస్కర్. దాని దగ్గరి చుట్టాలన్నీ ఆ ద్వీపానివే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మన దేశపు చేలల్లో చిన్న తెల్లపూలు పూసే కలుపు మొక్క. పాపం, దాన్నెవరూ కుండీలో పెట్టుకోలేదు.

18వ శతాబ్దంలో మడగాస్కర్ విత్తనాలు పారిస్ రాజోద్యానానికి, అక్కడినుంచి లండన్‌లోని చెల్సీ తోటకు చేరాయి. చెల్సీలో దాన్ని పెంచినవాడు ఫిలిప్ మిల్లర్. 1759లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ దానికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. మంచు పడితే చచ్చిపోతుంది కాబట్టి యూరప్‌లో అది అద్దాల గదుల అపురూపం. వలస పాలకుల ఓడలెక్కి ఉష్ణదేశాలకు వచ్చాక మాత్రం దానికి ఏ అద్దాలూ అక్కర్లేకపోయాయి. ఇసుకైనా సరే, ఎండైనా సరే. కాయ పగిలితే సన్నటి నల్లగింజలు రాలిన చోటే మొలుస్తాయి. ఆకు చేదు, అందుకే మేకలు కూడా ముట్టవు. తోట కంచె దాటి బతికిందంటే ఆ చేదుకు పెద్ద వాటానే ఉంది.

ఆ చేదే దాన్ని ప్రయోగశాలకూ తీసుకెళ్లింది. జమైకాలో మధుమేహానికి ఈ ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడినుంచి కొన్ని ఆకులు కెనడాకు వెళ్లాయి. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ వాటి సారాన్ని జంతువులపై పరీక్షిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. చార్లెస్ బీర్‌తో కలిసి ఆయన వేరుచేసిన విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు సంగతి 1958లో లోకానికి తెలిసింది. ఎలీ లిల్లీ మందుల కంపెనీ కూడా అప్పటికే ఇదే ఆకుమీద పనిచేస్తోంది. అక్కడ దొరికిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల రక్తక్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ మందుల వల్ల పుట్టిల్లు మడగాస్కర్‌కు దక్కిందేమిటన్న విమర్శ న్యాయమైనదే. కానీ నోబుల్ చేతికొచ్చిన ఆకులు జమైకావి. అక్కడా అది తోటలోంచి పారిపోయిన మొక్కే. ఇలాంటిదానికి హక్కుదారెవరో తేల్చడం, నా దృష్టిలో, ఏ చట్టానికీ సులువు కాదు.

గ్రాము మందుకు వందల కిలోల ఎండుటాకు కావాలి. అందుకే తమిళనాడు మెట్టపొలాల్లో దీన్ని పంటగా వేశారు. ఇక తోటవాళ్లు తిరిగి అడవి దారి పట్టారు. పాత గులాబీ, తెలుపు రంగులు చాలక అమెరికాలో మడగాస్కర్ అడవి జాతులతో సంకరం చేసి, 1990ల నాటికి కొత్త రంగులు తెచ్చారు. నర్సరీలో మురిపించే ఆ ముద్దుల మొక్క కుండీలో వాడిపోతే ఎరువు కోసం పరుగెత్తకండి. నీళ్లు తగ్గించి చూడండి.