వల, గాలం, కయాక్: టెక్సస్ తీరంలో రెడ్‌ఫిష్ చరిత్ర

టెక్సస్ తీరంలో ఆరాన్సస్ పాస్, పోర్ట్ ఆరాన్సస్ పట్టణాల మధ్య రెడ్‌ఫిష్ బే అనే అఖాతం ఉంది. అందులో చాలాచోట్ల నీరు మోకాలు దాటదు. అడుగున సముద్రపు గడ్డి పచ్చికబయలులా పరుచుకొని ఉంటుంది. తెల్లవారుజామున, గాలి లేవకముందు, కయాక్ వేసుకొని వచ్చిన వేటగాడు తెడ్డు ఒళ్ళో పెట్టుకొని, నీటిపైకి తేలే రాగిరంగు తోక కోసం చూస్తాడు. పీతల కోసం, రొయ్యల కోసం గడ్డిలో మూతి దూర్చినప్పుడు రెడ్‌ఫిష్ తల కిందకీ తోక పైకీ అవుతుంది. తోక మొదట్లో కంటిపాపలాంటి నల్లమచ్చ. తెడ్డు పడవ అంచుకు తగిలిన చిన్న చప్పుడుకే ఆ చేప మాయమవుతుంది. ఇంజను పడవ రాలేని లోతుకు, ఇంజను చప్పుడు పనికిరాని చోటుకు కయాక్ సరిగ్గా సరిపోతుంది.

చూడడానికి ఇది సెలవుదినపు వినోదం. కానీ ఆ చేప ఆ నీళ్ళలో ఇవాళ దొరకడం వెనక ఒక సుదీర్ఘమైన తగాదా ఉంది. ఆ తగాదాలో గెలిచినవాళ్ళ కథ తరచు వినిపిస్తుంది. ఓడినవాళ్ళ కథ అంతగా వినిపించదు.

ఈ చేపకు మరో పేరు రెడ్ డ్రమ్. 1766లో లినేయస్ దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పటి శాస్త్రనామం సయానాప్స్ ఒసెలాటస్. డ్రమ్ అనే పేరు ఊరికే రాలేదు. గుడ్లుపెట్టే కాలంలో మగచేపలు గాలితిత్తి పక్కనున్న కండరాలను వేగంగా అదిలించి, డోలు మోగినట్టు చప్పుడు చేస్తాయి. వేసవి చివరినుంచి శరత్తు దాకా సముద్రం అఖాతంలోకి ప్రవేశించే మొగల దగ్గర ఇవి గుడ్లు పెడతాయి. పిల్లలు పోటుతో లోపలికి కొట్టుకువచ్చి గడ్డిలో పెరుగుతాయి. మూడు నాలుగేళ్ళు ఉప్పుటేళ్ళలోనే గడిపి, పెద్దవయ్యాక సముద్రానికి తరలుతాయి. చెట్టు మానులో వలయాలు లెక్కపెట్టినట్టు, చేప లోపలిచెవిలో ఉండే రాయిని కోసి వలయాలు లెక్కిస్తే దాని వయసు తెలుస్తుంది. నలభై ఏళ్ళు బతికిన చేపలున్నాయి. ఇంత ఆయుష్షున్న జీవికి ఒక బలహీనత కూడా ఉంది. లోతులేని నీళ్ళలో పెరిగే ఆ మూడు నాలుగేళ్ళలో పిల్లలన్నీ వలలో పడితే, గుడ్లుపెట్టే తరం తయారుకాదు. పైకి మాత్రం సముద్రంలో పెద్దచేపలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

ఈ తీరంలో మొదటినుంచీ చేపలు పట్టినవారు కరాంకవా తెగవారు. మాను తొలిచిన దోనెల్లో తిరుగుతూ విల్లంబులతో చేపలను కొట్టేవారు. వారి పాత నివాసాల దగ్గర గుల్లల దిబ్బల్లో ఈ జాతి చేపల ఎముకలు దొరికాయి. పందొమ్మిదో శతాబ్దంలో వలసవచ్చినవాళ్ళు వాళ్ళను తీరంనుంచి తరిమివేశారు. ఈ నీళ్ళలో చేప ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారడం అక్కడే మొదలయింది.

కయాక్ ఈ తీరానిది కాదు. అది ఆర్కిటిక్ తీరాల్లోని ఇన్యుయిట్, యూపిక్, ఉనంగన్ ప్రజల వేటపడవ. చెట్లు లేని ఆ నేలమీద ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, సీల్ తోళ్ళు కుట్టి, ఎక్కే మనిషి ఒంటికొలతకే దాన్ని తయారుచేసేవారు. సీల్‌కు తెలియకుండా దగ్గరికి చేరడమే దాని ప్రయోజనం. 1905లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిఖ్ అనే జర్మన్ విద్యార్థి మడిచి రైల్లో తీసుకుపోగల కయాక్ రూపొందించాడు. యోహాన్ క్లెప్పర్ ఆ హక్కులు కొని అమ్మకానికి పెట్టాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ నాటికి అది ఆటవస్తువయింది. 1970ల్లో ప్లాస్టిక్‌ను అచ్చులో కరిగించి పోసే పద్ధతి వచ్చింది. అదే దశకంలో కాలిఫోర్నియాలో టిమ్ నీమియర్ పడవ లోపల కాక పైన కూర్చొనే రకాన్ని చేశాడు. బోల్తాపడినా నీళ్ళు నిండని, ఒక్కడే మోసుకుపోగల, ఇంజను పడవ ధరలో చిన్న భాగానికే దొరికే పడవ అది. గల్ఫ్ తీరపు గడ్డినీళ్ళలో గాలం వేసేవాళ్ళకు అంతకన్నా కావలసిందేమీ లేదు. కానీ ఈ పడవ వచ్చేనాటికి అక్కడి చేపకు కష్టకాలం మొదలయింది.

రెడ్‌ఫిష్ తగ్గిపోవడానికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. న్యూ ఆర్లీన్స్‌లో 1979లో కె-పాల్స్ భోజనశాల తెరిచిన పాల్ ప్రుడోమ్, బాగా కాగిన ఇనప పెనంమీద వెన్న, మసాలాలతో నల్లగా మాడ్చిన రెడ్‌ఫిష్‌ను దేశమంతటా ప్రసిద్ధం చేశాడు. ఒక వంటకం ఒక చేపజాతిని దాదాపు అంతం చేసిందన్న కథ చెప్పుకోవడానికి బాగుంటుంది. తారీఖులు మాత్రం దానితో పూర్తిగా ఏకీభవించవు. టెక్సస్‌లో చేప తగ్గుతున్నదన్న ఆందోళన 1970ల నాటిది. 1977లో హ్యూస్టన్‌లో కొందరు గాలం వేటగాళ్ళు గల్ఫ్ కోస్ట్ కన్సర్వేషన్ అసోసియేషన్ స్థాపించారు. లగూనా మాడ్రే వంటి ఉప్పునీటి సరస్సుల్లో నైలాన్ గిల్‌నెట్లు మైళ్ళకొద్దీ పరుస్తున్నారన్నది వారి ఫిర్యాదు. 1981లో టెక్సస్ శాసనసభ తమ రాష్ట్రపు నీళ్ళలో పట్టిన రెడ్‌ఫిష్‌నూ, మచ్చల ట్రౌట్‌నూ అమ్మడం నిషేధించింది. 1988లో తీరపు వలలను నిషేధించారు. ప్రుడోమ్ వంటకం దేశమంతా పాకినది ఆ శాసనం తరువాతి ఏళ్ళలో. ఆ గిరాకీ దెబ్బ తగిలినది ముఖ్యంగా లూసియానాకు, సముద్రంలోని పెద్దచేపలకు. రింగు వలవంటి పర్స్‌సీన్‌లతో గుడ్లుపెట్టే మందలనే చుట్టుముట్టి పట్టారు. 1986లో కేంద్ర ప్రభుత్వం అత్యవసర నియమాలు తెచ్చింది. 1988నుంచి గల్ఫ్‌లోని కేంద్ర జలాల్లో ఈ చేపను పట్టడం పూర్తిగా ఆగింది. 2007లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ ఒక ఉత్తర్వుతో కేంద్ర జలాల్లోని రెడ్ డ్రమ్ అమ్మకం మీద నిషేధాన్ని మరింత స్థిరపరిచాడు.

కాబట్టి టెక్సస్ శాసనం వంటవాడికి వ్యతిరేకంగా వచ్చింది కాదు. అది వలకూ గాలానికీ మధ్య తీర్పు. వలవాళ్ళ వాదన కూడా తేలికైనది కాదు. చేప తగ్గడానికి తమ వలలొక్కటే కారణం కాదనీ, సరదాగా పట్టేవాళ్ళు తీసుకుపోయేదీ తక్కువ కాదనీ, ఆనకట్టలూ తవ్వకాలూ చేప పెరిగే నేలను మార్చాయనీ వారన్నారు. అటువైపు పట్టణాల్లోని ఉద్యోగులు, వ్యాపారులు, సంఘబలం. ఇటువైపు తరతరాలుగా వలమీద బతికిన చిన్న కుటుంబాలు. శాసనం చేపను పట్టడాన్ని ఆపలేదు, అమ్మడాన్ని ఆపింది. ఆకలికోసం కాక ఆనందంకోసం పట్టేవాడి చేతిలోకి చేప పోయింది. 1994లో ఫ్లారిడా ఓటర్లు రాజ్యాంగ సవరణతో చిక్కుడు వలలను నిషేధించినప్పుడూ ఇదే వాదన మళ్ళీ నడిచింది.

ఫలితం మాత్రం కాదనలేనిది. పోర్ట్ ఆరాన్సస్‌లోని విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో కానీ ఆర్నల్డ్, ఆయన సహచరులు తొట్టెల్లో వెలుతురునూ నీటి వేడినీ ఋతువుల ప్రకారం మార్చి, రెడ్‌ఫిష్ చేత గుడ్లు పెట్టించారు. ఆ విద్య ఆధారంగా 1980ల మొదట్లో కార్పస్ క్రిస్టీ దగ్గర ప్రభుత్వం, ఒక విద్యుత్ సంస్థ, గాలం వేటగాళ్ళ సంఘం కలిసి పిల్లల ఉత్పత్తి కేంద్రం నెలకొల్పాయి. టెక్సస్‌లో ఇవాళ రోజుకు మూడు చేపలు, అవీ 20నుంచి 28 అంగుళాల మధ్యవి మాత్రమే ఉంచుకోవచ్చు. అంతకన్నా పెద్దదాన్ని ఉంచుకోవాలంటే లైసెన్సుతో వచ్చే ప్రత్యేక చీటీ వాడాలి. చిన్నవాటిని పెరగనిచ్చి, పెద్దవాటిని గుడ్లు పెట్టనివ్వడం ఇందులోని లెక్క. ఇంజను పడవల రెక్కలు గడ్డిని కోసేస్తున్నాయని 2006లో రెడ్‌ఫిష్ బేలో గడ్డి పెకలించడాన్ని నేరం చేశారు. గడ్డిని గాయపరచని పడవగా కయాక్ విలువ అప్పటినుంచి ఇంకా పెరిగింది.

అయినా ఈ కోలుకోవడం శాశ్వతమని ఎవరూ అనుకోరు. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్ తీరంలో రమారమి 38 లక్షల చేపలు చచ్చాయని ప్రభుత్వం అంచనా వేసింది. ఎక్కువకాలం ఉదారంగా ఉన్న లూసియానా కూడా 2024లో పరిమితులు బిగించింది.

అమ్మకూడని చేప అంగట్లోంచి మాయం కాలేదు. చెరువుల్లో, కేజ్‌లలో పెంచిన రెడ్ డ్రమ్ ఇప్పుడు భోజనశాలలకు వస్తున్నది. చైనాలో పెద్దయెత్తున, మారిషస్‌లో మయెబూర్ తీరాన కూడా దీన్ని పెంచుతున్నారు. మారిషస్‌లోని తెలుగు కుటుంబం తినే ఈ చేప పూర్వీకులు గల్ఫ్ గడ్డినీళ్ళవే.

ఈ చరిత్ర తెలుగు పాఠకుడికి పూర్తిగా పరాయిది కాదు. అంతర్వేది, కాకినాడ తీరాల్లో ఒక్కటి లక్షల రూపాయలు పలికిందని పత్రికల్లో కనిపించే కచిడి చేప రెడ్ డ్రమ్ కుటుంబానిదే. దాని ధర మాంసానిది కాదు, ఎగుమతయ్యే గాలితిత్తిది. విశాఖ తీరంలో రింగు వలల మీద సాంప్రదాయ మత్స్యకారుల మధ్య రేగిన తగాదాలో ఉన్నదీ అదే ప్రశ్న: ఎవరి సాధనం, ఎవరి చేప? ఏప్రిల్ 15నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో ఇంజను పడవల వేట ఆపినప్పుడు, ఆ 61 రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకారులకు భృతి ఇస్తుంది. అది చాలినంతా కాదా అన్నది వేరే మాట. చేపను కాపాడే ఖర్చు చేప పట్టేవాడొక్కడే మోయనక్కరలేదన్న సూత్రం అందులో ఉంది. టెక్సస్‌లో లైసెన్సులను తిరిగి కొనే పథకాలు చాలా ఏళ్ళ తరువాత వచ్చాయి. అప్పటికి చాలామంది వలలు మడిచేశారు.

రెడ్‌ఫిష్ బేలో ఇవాళ తోక కోసం చూసే వేటగాడు ఆ తగాదాకు వారసుడు. కొలతకు మించిన చేపను నీళ్ళలోకి వదిలేసినప్పుడు అతడు తన వంతు బాకీ కొంత తీరుస్తున్నాడు. మిగిలినది వలలు మడిచిన కుటుంబాలకు చెందిన బాకీ. ఆ చేప బతికిందని చెప్పుకొనే ప్రతి చోటా వారి పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.