కవచం

“కవచం తొడిగితే మంత్రం పారదు మావయ్యా” అన్నాడు మా మేనల్లుడు, బాల్డర్స్ గేట్ 3 ఆడుతూ. 2023లో వచ్చిన ఆ ఆటలో మంత్రగాడైన విజార్డ్‌కి కవచం వాడకం మామూలుగా చేతకాదు. తొడిగాడా, మంత్రం వేయలేడు. అతన్ని ముందు వరసలో నిలబెట్టాలంటే ఒక ఉపాయం ఉంది. మొదటి లెవెల్ ఫైటర్‌గా మొదలుపెట్టి, మిగిలిన 11 లెవెళ్లూ విజార్డ్‌కి ఇవ్వడమే. బరువైన కవచం దక్కుతుంది, దెబ్బ తిన్నా ఏకాగ్రత నిలిచే అవకాశం పెరుగుతుంది. తెలుగు చెవికి మాత్రం వాడి మాట విడ్డూరం, ఎందుకంటే మనకు మంత్రమే కవచం. సంస్కృతంలో యోధుడి ఒంటి తొడుగుకు చెప్పిన ఈ మాట రక్షణ స్తోత్రానికీ పేరైంది. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి ఉపదేశించిన నారాయణ కవచం నీటిలో మత్స్యమూర్తినీ, అడవిలో, యుద్ధంలో నరసింహుణ్ణీ కాపలా పెడుతుంది. కవచమనే మాటకు చుట్టం వర్మ. పేర్ల చివర కనిపించే ఆ మాటకూ అదే అర్థం. ఇప్పుడు మన రైళ్లు ఢీకొనకుండా బ్రేకు వేసే వ్యవస్థకూ కవచమనే పేరు. మన పత్రికలు మాత్రం హిందీ పలుకుబడితో ‘కవచ్’ అని రాస్తున్నాయి. ఇంట్లో ఉన్న సున్నాను వదిలేయడం దేనికి?