పాత కథకు కొత్త వాదన

నచ్చిన కథను అభిమానులు తమ తీరులో తిరగరాసే ‘ఫ్యాన్ ఫిక్షన్’ అనే మాట మనదాకా రాకముందే పొన్నూరు పొరుగున తెనాలిలో ఆ పని తెలిసినవారొకరు ఉండేవారు. డబ్లిన్‌లో బారిస్టరు చదివొచ్చి, 1920ల్లో తెనాలిలో స్థిరపడ్డ త్రిపురనేని రామస్వామి చౌదరి. కాకపోతే ఆయనది అభిమానం కాదు, పురాణాలతో పేచీ.

రామాయణం ఉత్తరకాండలో శంబుకుడి కథ కొన్ని సర్గలే. బ్రాహ్మణుడి బిడ్డ చనిపోతాడు. శూద్రుడి తపస్సే అందుకు కారణమని, తలకిందులుగా తపస్సు చేస్తున్న శంబుకుణ్ణి రాముడు కత్తితో నరుకుతాడు. 1920 నాటి ‘శంబుక వధ’ నాటకంలో చౌదరి ఆ చావును ఉంచి, కారణాన్ని మార్చారు. ఇక్కడ రాముడు తటపటాయిస్తాడు, వశిష్ఠాదులు ఒత్తిడి తెస్తారు. ప్లీడరు బుర్ర కదా: సాక్ష్యం పాతదే, వాదన కొత్తది.

పెద్ద పని ‘సూతపురాణం’, నాలుగు ఆశ్వాసాల పద్యకావ్యం. పురాణాలు చెప్పే సూతుడి పేరుతోనే పురాణాలను నిలదీయడంలో పథకమంతా ఉంది. తెనాలిలో ఆయన ఇల్లు కూడా సూతాశ్రమమే.