తోక లేపిన బోమాంట్

కెనడా సుంకాల పుణ్యాన పుట్టి, కుర్రాళ్ల చేతుల్లో వీపు పైకెత్తిన ఒక మజిల్ కారు కథ

1970ల నాటి ఉత్తర అమెరికా వీధుల ఫొటోలు తిరగేస్తే ఒక విడ్డూరం కంటబడుతుంది. పొడుగాటి బానెట్టు, రెండే తలుపులు, లావుపాటి వెనక టైర్లు. ముక్కు నేలకు వంగి ఉంటుంది, వెనక భాగం పైకి లేచి ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ కూడా ఆ కారును అలా తయారుచేసి పంపలేదు. కొన్న కుర్రాడో, అతని వీధి చివరి మెకానిక్కో అలా చేశారు. ఎందుకు చేశారన్నదానికి జవాబులో సోకు కొంత, అవసరం కొంత, తప్పుడు లెక్క కొంత ఉన్నాయి. కెనడాలోనైతే ఈ కథ ఇంకాస్త వెనక నుంచి, సుంకాల దగ్గర మొదలుపెట్టాలి.

సుంకం కన్న కారు

ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న ఓషావా ఊళ్లో మెక్‌లాఫ్లిన్ కుటుంబం మొదట గుర్రపు బగ్గీలు చేసేది. 1907లో శామ్ మెక్‌లాఫ్లిన్ కార్ల తయారీకి దిగాడు. 1918 నాటికి ఆ వ్యాపారం జనరల్ మోటార్స్ ఆఫ్ కెనడాగా మారింది. అమెరికా నుంచి వచ్చే కార్ల మీద కెనడా సుంకం వేసేది. 1960ల మొదట్లో అది 17.5 శాతం. అందుకని అమ్మదలచిన కార్లను అక్కడే బిగించడం కంపెనీలకు లాభసాటి. కానీ కెనడా మార్కెట్ చిన్నది. అమెరికాలో ఉన్నన్ని రకాలను అక్కడ విడివిడిగా తయారుచేస్తే గిట్టదు.

దీనికి ఓషావా వాళ్లు తెలివైన దారి వెతికారు. జనరల్ మోటార్స్ బ్రాండే అయిన షెవ్రొలే కారు తీసుకుని, ముఖమూ తోకా మార్చి, ఆ కంపెనీదే మరో బ్రాండైన పాంటియాక్ డీలర్లకు కొత్త పేరుతో ఇచ్చారు. 1962లో వచ్చిన చిన్న కారు అకేడియన్ అలాంటిదే. 1964లో షెవ్రొలే షెవెల్ కారు ఒంటి మీద బోమాంట్ వచ్చింది. మొదట అకేడియన్ బోమాంట్ అనేవారు, 1966 నుంచి బోమాంట్ సొంత పేరుగా నిలబడింది. లోపలి డ్యాష్‌బోర్డు పాంటియాక్‌ది, ఇంజను షెవ్రొలేది, గుర్తులో మేపుల్ ఆకు. అందులో ఎస్‌డీ 396 అన్న రకానికి 396 ఘనపుటంగుళాల, అంటే ఆరున్నర లీటర్ల వీ8 ఇంజను. మధ్యరకం ఒంట్లో పెద్ద ఇంజను పెట్టడమే మజిల్ కారు సూత్రం. ఆ సూత్రానికి అచ్చ కెనడా రూపం ఇదే.

ఓషావా పాంటియాక్‌లకు మరో వింత ఉండేది. అమెరికాలో 1959 నుంచి పాంటియాక్ తన చక్రాల మధ్య వెడల్పును పెద్ద గొప్పగా ప్రచారం చేసుకుంది. అదే ఏడాది కెనడా పాంటియాక్‌లకు పైన పాంటియాక్ ఒళ్లు, కింద ఇరుకైన షెవ్రొలే ఛాసిస్. దాంతో చక్రాలు మడ్‌గార్డుల లోపలికి నక్కినట్టు కనిపించేవి. చక్రాలు బయటికి, నిండుగా కనబడాలన్న తహతహ ఏ దేశపు కుర్రాళ్లకైనా ఉండేదే. కెనడా పాంటియాక్ యజమానికి ఆ తహతహకు కారణం కంటి ముందే ఉంది.

1965 జనవరి 16న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు టెక్సాస్‌లో ఉన్న పశువుల క్షేత్రంలో, ఆయనా కెనడా ప్రధాని లెస్టర్ పియర్సన్ కలిసి ఆటో ఒప్పందం మీద సంతకాలు చేశారు. షరతులు పాటించిన కంపెనీల కార్లు సుంకం లేకుండా సరిహద్దు దాటసాగాయి. దాంతో ఒక్క కెనడా కోసం వేరే కారు చేయాల్సిన పని తీరిపోయింది. బోమాంట్ 1969తో ఆగిపోయింది.

విమానాలు వదిలేసిన దారులు

ఇలాంటి కార్లకు బలం చూపించుకోవడానికి తిన్నని దారి కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కామన్వెల్త్ వైమానిక శిక్షణ పథకం కింద కెనడాలో 1,30,000 మందికి పైగా విమాన సిబ్బంది తయారయ్యారు. ఆ శిక్షణ కోసం దేశమంతా రన్‌వేలు వేశారు. యుద్ధం ముగిశాక వాటిలో చాలా ఖాళీ అయ్యాయి. ఒంటారియోలో గ్రాండ్ బెండ్, మానిటోబాలో గిమ్లీ వంటి చోట్ల పాత రన్‌వేల మీద పావుమైలు, అంటే 402 మీటర్ల డ్రాగ్ పందేలు నడిచాయి.

గిమ్లీ పేరు ప్రపంచానికి తెలిసింది వేరే కారణంతో. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి గాల్లో ఉండగానే ఇంధనం అయిపోయి, ఆ మూతబడ్డ రన్‌వే మీద గ్లైడర్‌లా దిగింది. పౌండ్లు, కిలోల లెక్కలో జరిగిన పొరపాటే మూలం. ఆ రోజు అక్కడ కార్ల క్లబ్బు వాళ్ల పందేల సందడి. ముందు చక్రం నిలబడక ముక్కు నేలకు ఆనింది, తోక పైకి లేచింది. విమానంలోని 69 మందీ బతికారు. తోక మరీ ఎత్తులో ఉండటంతో వెనక జారుబల్లలు నిటారుగా వేలాడాయి. చిన్నాచితకా దెబ్బలు తగిలింది అక్కడ దిగినవాళ్లకే.

ఎలా లేపేవారు

కారు వెనక భాగం ఎత్తడానికి రకాన్ని బట్టి దారులున్నాయి. ముస్టాంగ్, కమారో వంటి కార్లకు వెనక కమాను కట్టలు ఉంటాయి. మన లారీ షెడ్లలో బరువు కోసం కట్టలో ఇంకో పట్టీ వేయించినట్టే అక్కడా వేయించేవారు. అది ఖర్చనుకుంటే కట్టను ఛాసిస్‌కు తగిలించే షాకిల్‌ను పొడుగుది పెట్టేవారు. బోమాంట్‌కు వెనక చుట్ట స్ప్రింగులు, యాక్సిల్‌ను పట్టుకునే నాలుగు చేతులు. ఆ స్ప్రింగుల మధ్య దిమ్మలు దూర్చేవారు, లేదా గాలి నింపే షాక్ అబ్జార్బర్లు (షాకులు) బిగించేవారు.

ఈ గాలి షాకుల అసలు పని వేరు. డిక్కీ నిండా సామాను వేసినా, వెనక ట్రెయిలర్ తగిలించినా కారు కుంగకుండా ఉండటానికి డెల్కో సంస్థ సూపర్‌లిఫ్ట్ పేరుతో అమ్మేది. గేబ్రియెల్ కంపెనీ హైజాకర్లు కుర్రకారు నోట నానాయి. బంపరు దగ్గర చిన్న వాల్వు, పెట్రోలు బంకులో టైరుకు గాలి కొట్టే గొట్టం, అంతే. వెనక రెండు మూడు అంగుళాలు లేచేది.

పైగా 1973 చమురు సంక్షోభం తర్వాత పెద్ద ఇంజన్ల సెకండ్‌హ్యాండ్ కార్లు చవకయ్యాయి. కెనడాలో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుమును తినేస్తుంది, ఏళ్ల బరువుకు స్ప్రింగులు కుంగుతాయి. కొత్త స్ప్రింగులకు డబ్బు లేని కుర్రాడికి గాలి షాకులు ఒకే దెబ్బకు మరమ్మతూ సోకూ అయ్యాయి. ఫ్యాక్టరీ టైరు తీసి లావుపాటి 60 సిరీస్ టైరు వేస్తే అది మడ్‌గార్డు అంచుకు రాసుకుంటుంది. వెనక లేపితేనే పడుతుంది. అన్ని కారణాల్లో నిక్కచ్చిగా నిలిచేది ఇదే.

ఏడు కిలోల సంగతి

వెనక లేపితే బరువు వెనక చక్రాల మీదికి బాగా వచ్చి, పట్టు పెరుగుతుందని చాలామంది నమ్మేవారు. లెక్క వేసి చూద్దాం. కారు బరువు 1,600 కిలోలు, ముందు వెనక ఇరుసుల మధ్య 112 అంగుళాలు అనుకుందాం. వెనక రెండంగుళాలు లేపితే కారు గరిమనాభి సుమారు అంగుళం లేస్తుంది. గురుత్వ త్వరణంలో సగం జోరుతో కారు దూకితే, ఆ అంగుళం వల్ల వెనక్కి అదనంగా చేరే బరువు దాదాపు ఏడు కిలోలు. అదీ డిక్కీలో ఓ సూట్‌కేసు పెట్టినా వస్తుంది. పట్టు ఇచ్చింది లావు టైరే.

నష్టాలు మాత్రం లెక్కకు బాగానే అందుతాయి. అదే రెండంగుళాలకు కారు ఒక డిగ్రీ ముందుకు వంగుతుంది. హెడ్‌లైటు వెలుగు ముప్ఫై మీటర్ల దూరంలో అర మీటరుకు పైగా కిందికి పడుతుంది. ముందు చక్రాల కాస్టరు, అంటే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలిన కోణం, ఒక డిగ్రీ తగ్గి, స్టీరింగ్ తిన్నగా నిలవదు. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల కోణం మారి వణుకు పుడుతుంది. బోమాంట్ వంటి కార్లలో కింది చేతులు వాలుగా నిలిచి, మలుపులో యాక్సిలే కొంచెం పక్కకు తిరుగుతుంది. రెండు గాలి షాకులకు ఒకే గొట్టం ఉంటే మలుపులో బరువు పడ్డ వైపు గాలి రెండో వైపుకు పారిపోతుంది, కారు ఇంకా ఒరుగుతుంది. పైగా షాకు పై బిగింపు ఊపును ఆపడానికి చేసింది. కారు బరువు మోయడం దాని పని కాదు. ఉప్పు తిన్న ఛాసిస్‌కు అది మరీ ప్రమాదం.

ఏ ఎత్తుకు దించాలి

ఇప్పుడు ఈ కార్లు పాత వస్తువుల లెక్కలో చేరాయి. ఒంటారియోలో చారిత్రక వాహన నంబరు ప్లేటు కావాలంటే కారుకు ముప్ఫై ఏళ్లు నిండాలి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి రూపంలో పెద్ద మార్పులుండకూడదు. జనరల్ మోటార్స్ కెనడా దగ్గర పాత తయారీ రికార్డులు దక్కడం ఇంకో వసతి. ఓషావా నుంచి ఏ ఇంజనుతో, ఏ సదుపాయాలతో ఆ కారు బయటికొచ్చిందో రుసుము కట్టి తెలుసుకోవచ్చు. దాంతో కారు బాగుచేసేవాళ్లు దిమ్మలు పీకి, గాలి షాకులు విప్పి, ఫ్యాక్టరీ నాటి ఎత్తుకు దింపుతున్నారు.

రోడ్డు మీద నడిచే కారుకు అది మంచిదే, పైన చెప్పిన లెక్కలన్నీ అటే మొగ్గుతాయి. కానీ కారుకు రెండు చరిత్రలున్నాయి. ఓషావాలో తయారైన రోజు కాగితాల్లో భద్రంగా ఉంది. ఆ తర్వాత పదేళ్లు ఎవరి చేతిలో ఎలా తిరిగిందో చెప్పే కాగితం లేదు. బంపరు పక్కన తొలిచిన వాల్వు రంధ్రం, పొడుగు షాకిల్, లోపల కోసేసిన మడ్‌గార్డు అంచు మాత్రమే సాక్ష్యం. మన దగ్గరి నుంచి ఒంటారియోలోని బ్రాంప్టన్ చేరిన కుటుంబాలెన్నో ఉన్నాయి. అదే ఊళ్లో 2008 నుంచి 2023 డిసెంబరు దాకా డాడ్జ్ ఛాలెంజర్ మజిల్ కార్లు తయారయ్యాయి. రేపు వాటిని బాగుచేసేవాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. దించేవాళ్లు దించవచ్చు. దించే ముందు ఎత్తు కొలిచి, ఫొటో తీసి, ఎవరు ఎందుకు లేపారో తెలిసినంత రాసి కారు కాగితాల్లో పెడితే చాలు, రెండో చరిత్రా దక్కుతుంది.